ఉప్పు తిన్న రీలు

సముద్రానికి దాదాపు 550 కిలోమీటర్ల దూరాన, ఉక్కు తయారయ్యే ఊరిలో నివసిస్తూ, సముద్రపు చేపల వేటకు వాడే గేలపు రీలును కాపాడుకొనే విధానం గురించి వ్రాయడమేమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. కానీ మన భిలాయి తెలుగు కుటుంబాలలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుండి వచ్చినవారు ఎందరో ఉన్నారు. రాయపూర్–విజయనగరం రైలు మార్గం 1931లో పూర్తయినది. 2024 సెప్టెంబరులో దుర్గ్–విశాఖపట్నం వందే భారత్ రైలు ప్రారంభమైన పిదప ఉదయం ఇక్కడ బయలుదేరినవారు మధ్యాహ్నానికే తీరం చేరుకొంటున్నారు. సెలవులకు స్వగ్రామం వెళ్ళేటప్పుడు గేలపు కర్రను, రీలును వెంట తీసుకొని పోయేవారు మా ఎరుకలోనే పది పన్నెండు మంది ఉన్నారు.

వారందరితోనూ మేము అనే మాట ఒకటే. సెలవు ముగించుకొని మనం తిరిగి వస్తాము. రీలులో దాగి చిటికెడు సముద్రం కూడా మనతో వస్తుంది. ఆ చిటికెడు ఉప్పు వేసవి అంతా నిద్రించి, వానాకాలంలో మేల్కొంటుంది. దాని సంగతి ఆ పూటే తేల్చవలెను గాని, మరునాటికి వాయిదా వేయరాదు.

రీలులో ఏమున్నది

గేలపు దారాన్ని చుట్టి ఉంచడానికి, చేప పడినప్పుడు వెనుకకు లాగడానికి ఉపయోగపడే చిన్న యంత్రమే రీలు. నేడు ఎక్కువగా వాడుకలో ఉన్న రకంలో దారపు ఉండ కదలకుండా నిలిచి ఉంటే, దాని చుట్టూ ఒక తీగ తిరుగుతూ దారాన్ని చుడుతుంది. నూలు మిల్లుల కండెల నుండి ఈ ఆలోచనను గ్రహించి 1905లో ఇంగ్లండుకు చెందిన ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ ఇటువంటి రీలుకు పేటెంటు పొందాడు.

అరచేతిలో ఇమిడే ఈ వస్తువులో ఇంజనీరుకు పరిచయమైన భాగాలన్నీ ఉన్నవి. పళ్ళచక్రాలు, బాల్ బేరింగులు, స్ప్రింగులు, ఇరుసులు, మరలు, చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా కొంత జారనిచ్చే బ్రేకు బిళ్ళలు. ఈ జారుడు బిగింపునే డ్రాగ్ అంటారు. శరీరం అల్యూమినియం, మరలు స్టెయిన్‌లెస్ స్టీలు, చక్రాలలో కొన్ని ఇత్తడివి. ఇన్ని లోహాలు ఒకదానికొకటి ఆనుకొని ఉన్న చోట ఉప్పునీరు ప్రవేశించడమే అసలు చిక్కు.

ఉప్పు చేసే పని

ఒక లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. మంచినీటికంటె ఉప్పునీరు విద్యుత్తును ఎన్నో రెట్లు సులభంగా ప్రవహింపజేస్తుంది. తుప్పు పట్టడం కూడా ఒక విద్యుత్ రసాయన చర్యే గనుక, ఉప్పునీరు తగిలిన లోహం త్వరగా చెడుతుంది.

“మాది స్టెయిన్‌లెస్ స్టీలు రీలు, దానికి భయం లేదు” అనేవారిని మేము చాలామందిని చూశాము. ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం కలిపితే దాని ఉపరితలంపై క్రోమియం ఆక్సైడు పొర ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో పది లక్షలవ వంతులు కొన్ని మాత్రమే. గీరుకొనిపోయినా గాలిలోని ఆమ్లజనితో మరల ఏర్పడుతుంది. అయితే ఉప్పులోని క్లోరైడు ఈ పొరను అక్కడక్కడ ఛేదించి సన్నని గుంటలు వేస్తుంది. మర తలక్రింద, వాషరు సందులో, బేరింగు లోపల ఆమ్లజని చాలినంత అందదు గనుక పొర తిరిగి ఏర్పడడం కష్టం. పైకి నిగనిగలాడుతూ లోపల చెడిపోవడం అందువల్లనే. 2 నుండి 3 శాతం మాలిబ్డినం కలిపిన 316 రకపు ఉక్కు కొంత మెరుగుగా తట్టుకొంటుంది. కానీ బేరింగులకు కాఠిన్యం ముఖ్యం. వాటికి వాడే కర్బనం ఎక్కువగల ఉక్కులో క్రోమియం 16 శాతానికి పైగా ఉన్నప్పటికీ, అందులో కొంత భాగం కర్బనంతో కలిసిపోతుంది. రక్షణకు మిగిలేది తగ్గిపోతుంది. కాబట్టి రీలులో మొదట మొరాయించేది తరచు బేరింగే.

రెండవ చిక్కు లోహాల జోడీ వల్ల వస్తుంది. అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు రెండూ ఉప్పుతడిలో కలిసి ఉంటే అదొక చిన్న బ్యాటరీ అవుతుంది. అందులో అల్యూమినియం తాను కరిగిపోతూ ఉక్కును కాపాడుతుంది. ఈ సూత్రం మానవులకు మేలు కూడా చేసినది. 1824లో సర్ హంఫ్రీ డేవీ ఓడల అడుగున తాపిన రాగి రేకులకు జింకు, ఇనుము ముక్కలను తగిలించి రాగి చెడకుండా చేయవచ్చునని నిరూపించాడు. నేటికీ ఓడలకు జింకు దిమ్మెలు బిగించేది ఆ సూత్రం ప్రకారమే. కానీ మన రీలులో బలి అయ్యేది విడిగా తెచ్చిన జింకు ముక్క కాదు, రీలు శరీరమే.

మే నెలలో నిద్ర, జూలైలో మెలకువ

వానాకాలంలో ఉప్పు జాడీ చెమ్మగిల్లడం ప్రతి గృహిణికీ తెలిసినదే. వంట ఉప్పు ముఖ్యంగా సోడియం క్లోరైడు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే అది తేమను పీల్చుకొని తానే నీరవుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉన్నది. దానికి 33 శాతం తేమ చాలును. ఈ రెండు అంకెలను మన ఊరి వాతావరణంతో పోల్చి చూడవలెను. భిలాయిలో మే నెల మధ్యాహ్నాలలో తేమ 30 శాతానికి దిగువకు పోతుంది. జూలై, ఆగస్టు మాసాలలో 80 శాతం దాటుతుంది. అంటే వేసవిలో ఎండి తెల్లని పొడిలా పడి ఉండే ఉప్పు, వానలు రాగానే సముద్రపు చుక్కగా మారిపోతుందన్నమాట.

మా మిత్రులొకరి రీలు ఇందుకు మంచి ఉదాహరణ. వారు మరొక విభాగంలో పనిచేస్తారు. ఒక ఏడాది మే నెలలో భీమునిపట్నం వెళ్ళి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట రెండు రోజులు గేలం వేసి, పండుగప్పను పట్టి సంతోషంగా తిరిగి వచ్చారు. రైలుకు వేళ అయినందున రీలును పొడిగుడ్డతో తుడిచి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఇంటికి వచ్చాక బీరువాపై పెట్టారు. జూన్ మొదటి వారంలో దానిని తీసి మా ఎదుట గిరగిర త్రిప్పి, “మీ జాగ్రత్తలన్నీ చాదస్తమండీ, ఇది చూడండి ఎట్లా తిరుగుతున్నదో” అని నవ్వారు. నిజమే, ఆనాడది చక్కగా తిరిగినది.

దసరా సెలవులకు ప్రయాణం కట్టుకొనేటప్పుడు హ్యాండిలు కదలలేదు. ఈసారి నవ్వకుండా మా ఇంటికి తెచ్చారు. ఇద్దరం కూర్చుని, కర్మాగారంలో విరిగిన ఇరుసును పరీక్షించినట్లు దానిని పరీక్షించాము. ప్రక్క మూతకున్న నాలుగు మరలలో మూడు వచ్చినవి. నాలుగవది తల విరిగినది. మరల చుట్టూ అల్యూమినియం తెల్లని పొడియై ఉన్నది. దారాన్ని నడిపించే చిన్న రోలరు బిగిసిపోయినది. లోపలి బేరింగు నుండి గోధుమరంగు ముద్ద వచ్చినది. పళ్ళచక్రాలపై గ్రీజు ఉన్నంతమేరకు లోహం క్రొత్తదానివలె ఉన్నది, గ్రీజు లేని అంచున మాత్రం గుంటలు పడినవి. దారం అడుగు వరుసలలో తడి ఇంకా తగులుతూనే ఉన్నది. జూన్‌లో తిరిగిన రీలు అక్టోబరులో తిరగకపోవడానికి మధ్యలో దానిని ఎవరూ తాకలేదు. తాకినది నాలుగు నెలల తేమ మాత్రమే. ఆ రీలు మరల పనికి రాలేదు.

విశాఖలో నివసించేవారికి ఈ ప్రమాదం కంటికి కనబడుతూనే ఉంటుంది. ఉప్పుగాలికి కిటికీ చువ్వలు తుప్పు పట్టడం వారు రోజూ చూస్తారు గనుక జాగ్రత్తపడతారు. మనకు పొడి వేసవి ధైర్యం చెప్పి మోసగిస్తుంది.

మా తండ్రిగారి చెంబు

మేము ఈ విషయం పుస్తకాలలో చదవక ముందే మా ఇంట్లో చూశాము. మా తండ్రిగారు కళింగపట్నం ప్రాంతం నుండి 1958లో భిలాయికి వచ్చి, ఖలాసీగా చేరి, ఫిట్టరుగా 1990లో పదవీ విరమణ చేశారు. వారి బృందంలోనివారు తలా కొంత వేసుకొని ఒక విదేశపు రీలును తెప్పించి వారికి బహూకరించారు. శాలువా, గడియారం ఇచ్చే రోజులలో అటువంటి కానుక ఇవ్వడాన్ని బట్టి, వారు విశ్రాంతి సమయంలో ఎప్పుడూ ఏ మాటలు చెప్పుకొనేవారో ఊహించవచ్చు. వంశధార సముద్రంలో కలిసే చోటు, అక్కడి అలలు, అక్కడి చేపలు.

ఊరికి వెళ్ళినప్పుడు వారు సాయంత్రం తీరం నుండి వచ్చి, కాళ్ళు కడుగుకొనక ముందే రీలును కడిగేవారు. బావి గట్టున కూర్చుని, ఇత్తడి చెంబుతో మంచినీళ్ళు సన్నని ధారగా పోస్తూ, హ్యాండిలును మెల్లగా త్రిప్పేవారు. మా అమ్మగారు వాకిట నిలబడి, “మనవలకైనా ఇన్నిసార్లు లాల పోశారా మీరు?” అని ఎత్తిపొడిచేవారు. దానికి వారి సమాధానం ఎప్పుడూ ఒకటే: “ఉప్పు తిన్నాది గదా, నీళ్ళు పట్టకపోతే రేపు మన మాట ఇనదు.”

ఉప్పు తిన్నవాడు నీళ్ళు త్రాగవలసిందే అన్న సామెతను మనుషుల తప్పులకు అన్వయిస్తారు. దానిని యంత్రానికి అన్వయించినవారిని మేము మరొకరిని చూడలేదు. తుప్పు గురించిన పాఠాలు మేము కళాశాలలో విన్నాము గాని, ఏ పని ముందు, ఏ పని వెనుక అన్నది ఆ బావి గట్టునే నేర్చుకొన్నాము.

వారు 2009లో కాలధర్మం చెందారు. ఆ రీలు ఇప్పుడు మా వద్ద ఉన్నది. దాని తయారీదారులు ఆ నమూనాను ఎప్పుడో ఆపివేశారు, విడిభాగాలు దొరకవు. ఒక పళ్ళచక్రం పోయిన నాడు అది అలమరలో పెట్టుకొనే జ్ఞాపకం మాత్రమే అవుతుంది. వారి గడియారం ఆగిపోయినది, సైకిలు పోయినది. వారి చేతి వస్తువులలో ఇంకా పనిచేస్తూ ఉన్నది ఇదొక్కటే. అందుచేత దీనిని కాపాడడం మాకు కాలక్షేపం కాదు.

ఆ సాయంత్రమే చేయవలసినది

పద్ధతి సులభమైనదే. ఇరవై నిమిషాలు చాలును.

మొదట డ్రాగ్ మరను బిగించవలెను. బిళ్ళల మధ్యకు నీరు పోకుండా ఇది అడ్డుకొంటుంది. తరువాత మంచినీటిని సన్నని ధారగా, లేదా తుంపరగా పోయవలెను. గొట్టంతో వేగంగా కొట్టరాదు; ఆ వేగం ఉప్పును బయటకు తీయకపోగా ఇంకా లోపలికి తోస్తుంది. బకెట్టులో ముంచడం కూడా మంచిది కాదు. వేడినీరు గ్రీజును పలుచన చేస్తుంది, వాడరాదు. దారం నడిచే రోలరు, హ్యాండిలు పిడి, తీగ కీలు అనే మూడు చోట్ల ఎక్కువసేపు పోయవలెను. ఇసుక ఉంటే మెత్తని కుంచెతో తీయవలెను.

పిదప నీటిని విదిలించి, నూలు గుడ్డతో తుడిచి, నీడలో గాలికి ఆరబెట్టవలెను. ఆరిన తరువాత డ్రాగ్ మరను పూర్తిగా వదులు చేయవలెను. బిగించి ఉంచితే బిళ్ళలు నలిగి, తరువాత సమంగా జారక దారాన్ని తెంపుతాయి. దారపు ఉండను విడిగా తీసి, దాని అడుగున ఉన్న ఇరుసును తుడవవలెను. ఆ రోజు నీటిలో తడిసినంతమేరకు దారాన్ని విప్పి కడిగి, ఆరిన తరువాత చుట్టుకోవలెను.

ప్రయాణంలో తడి రీలును ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టరాదు. రైలుకు వేళయినదని కడగడం మానవద్దు. కావలసిన ఇరవై నిమిషాలు ముందుగానే లెక్కలో ఉంచుకోవలెను. ఇంటికి చేరాక గుడ్డసంచిలో వేసి, మందుల సీసాలలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు దానితో పాటు డబ్బాలో ఉంచితే వానాకాలం గడుస్తుంది. ఆ పొట్లాలు పిల్లల చేతికి అందకుండా చూడవలెను.

నూనె ఎక్కడ, గ్రీజు ఎక్కడ

వేగంగా తిరిగే చిన్న భాగాలకు నూనె, భారం మోసే పళ్ళచక్రాలకు గ్రీజు. కర్మాగారంలోని ఈ నియమమే ఇక్కడా వర్తిస్తుంది. రోలరుకు, పిడికి, బేరింగుకు ఒక్కొక్క చుక్క పలుచని నూనె చాలును. పళ్ళచక్రాలకు నీటిని తట్టుకొనే గ్రీజు పలుచని పూతగా వేయవలెను. డ్రాగ్ బిళ్ళల విషయంలో మాత్రం తయారీదారుల సూచననే పాటించవలెను. కొన్నిటికి ప్రత్యేకమైన గ్రీజు కావలెను, కొన్నిటికి ఏదీ తగలరాదు.

చాలామంది డబ్ల్యూడీ-40 డబ్బాతో చిమ్మి పని అయిపోయినదనుకొంటారు. అది 1953లో అమెరికాలో అట్లాస్ క్షిపణి పైపొర తుప్పు పట్టకుండా తడిని తోలివేయడానికి రూపొందించిన ద్రవం. బిగిసిన మరను వదులు చేయడానికి మంచిదే. కాని పళ్ళచక్రాలపై చిమ్మితే ఉన్న గ్రీజును పలుచన చేసి జారుస్తుంది. దానిని గ్రీజుకు బదులుగా వాడరాదు.

ఏడాదికొకసారి, వానలకు ముందు, రీలును పూర్తిగా విప్పి శుభ్రపరచడం మంచిది. తెల్లని పళ్ళెంలో గుడ్డ పరచి, విప్పిన వరుసలోనే భాగాలను పేర్చవలెను. నేడు సెల్ ఫోను ఉన్నది గనుక ప్రతి దశలో ఒక ఫొటో తీసుకొంటే తిరిగి బిగించడంలో సందేహం రాదు. మరలను మరల బిగించే ముందు వాటి పళ్ళకు కొద్దిగా గ్రీజు పూస్తే ఉక్కుకు అల్యూమినియంకు మధ్య ఉప్పుతడి చేరదు. పైన చెప్పిన బ్యాటరీ తయారు కాకుండా ఆపడానికి ఇంతకంటె చవుకైన ఉపాయం లేదు.

ఈ పని ఇతరులకు అప్పగించవలసి వస్తే ప్రక్కన ఉండి చేయించుకోవలెను. కొన్నేళ్ళ క్రితం మా బంధువొకరు మేలు చేయదలచి మా తండ్రిగారి రీలును ఒక నగరంలోని దుకాణంలో శుభ్రం చేయించి తెచ్చారు. దుకాణం పేరు ఇక్కడ అనవసరం. అది లోపలంతా గ్రీజుతో నిండి, మరింత బరువుగా తిరుగుతూ వచ్చినది. విప్పి చూస్తే చక్రం వెనుక ఉండవలసిన కాగితమంత పలుచని వాషరు లేదు. అది లేకుండా మరికొంతకాలం త్రిప్పి ఉంటే పళ్ళు ఒరుసుకొని అరిగిపోయేవి. పవర్ హౌస్ ప్రాంతంలోని ఒక వర్క్‌షాపు పనివాడు స్టెయిన్‌లెస్ రేకుతో అటువంటిది చేసి ఇచ్చాడు. రెండుసార్లు మందం సరిపోలేదు, మూడవది సరిపోయినది. డబ్బు తీసుకోమంటే, “ఇంత చిన్న వస్తువుకు ఏమి తీసుకొంటానండీ, చేప పడితే చెప్పండి” అన్నాడు.

చివరి మాట

2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిన విక్రాంత్ విమానవాహక నౌకకు సెయిల్ సంస్థ సుమారు 30,000 టన్నుల ప్రత్యేక ఉక్కును సరఫరా చేసినది. అందులో భిలాయి, బొకారో, రూర్కెలా కర్మాగారాల పలకలున్నవి. మన ఉక్కు సముద్రంపై తిరుగుతున్నదని గర్వపడడం సహజమే. అయితే ఎంత మంచి ఉక్కయినా ఉప్పునీటిలో తనంతట తాను నిలువదు. దానికి రంగు వేసేవారు, తడిమి చూసేవారు, సమయానికి కడిగేవారు ఉండవలెను. యంత్రం ఆగిన తరువాత చేసేది మరమ్మతు. ఆగకముందు చేసేది నిర్వహణ. మొదటిదానికి ధనం కావలెను, రెండవదానికి శ్రద్ధ కావలెను.

మా అమ్మాయి ఒకసారి, “ఇంత శ్రమ ఎందుకు నాన్నగారూ, క్రొత్తది కొనుక్కోవచ్చు గదా” అన్నది. కొనవచ్చును. మేము వాడే మరొక రీలు క్రొత్తదే. దానిని కూడా ఇట్లాగే కడుగుతాము. వస్తువు పాతదైనందున కాపాడుతున్నామనుకోవడం పొరపాటు. కాపాడుతూ వచ్చినందుననే అది పాతది కాగలిగినది. గత వేసవిలో మేము చెప్పకుండానే ఆమె తన రీలు డ్రాగ్‌ను బిగించి చెంబుతో నీళ్ళు పోయడం చూశాము. వారసత్వంగా వచ్చినది రీలు ఒక్కటే కాదని అప్పుడు తెలిసినది.

ఈ ఏడాది తీరానికి వెళ్ళే మిత్రులకు మా మనవి. రాళ్ళపై నిలిచి గేలం వేసేవారు అలల పోటును గమనించి, ఒంటరిగా పోకుండా ఉండవలెను. పిల్లల చేయి వదలరాదు. చేప పడినా పడకపోయినా, చీకటి పడకముందే ఇంటికి వచ్చి, రీలుకు ఒక చెంబెడు మంచినీళ్ళు పోయవలెను. కాళ్ళు ఆ తరువాత కడుగుకోవచ్చును.